తినమని రాసిచ్చిన విత్తనాలు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ ఒక దినపత్రికకు విలేకరిగా ఉండేవాణ్ణి. ఊళ్ళో ఇళ్ళు చాలక ప్రభుత్వం చాలా భాగం డేరాల్లో నడిచేది. ఏ శాఖ ఏ డేరాలో ఉందో కనుక్కోవడం సగం పని. ఆ డేరాలోంచి వచ్చిన ప్రకటనను తెలుగులోకి మార్చడం మిగతా సగం. ప్రకటనలు తెలుగులోనే వచ్చేవి. అయినా మార్చక తప్పేది కాదు.

ఒక సెప్టెంబరులో వ్యవసాయ శాఖవారు జొన్న విత్తనాల గురించి ఒక ప్రకటన పంపారు. అందులో 'భక్షణార్హములు' అనే మాట మూడుసార్లు ఉంది. 'అవశిష్టము' రెండుసార్లు ఉంది. సంగతి మాత్రం చిన్నదే. మా వైపు జొన్నకు కాటుక తెగులు అని ఒకటి వచ్చేది. కంకి బాగానే కనిపిస్తుంది, గింజ నలిపితే లోపల కాటుక లాంటి నల్లటి పొడి. అంతవరకూ విత్తనానికి గంధకం పట్టించి విత్తేవారు. ఆ ఏడు కొన్ని ఊళ్ళకు పాదరసం కలిసిన కొత్త పొడి పట్టించిన విత్తనాలు ఇస్తున్నారు. అది విషం కాబట్టి, ఆ గింజలు తినబోమని రైతు ముందుగా కాగితం మీద రాసి సంతకం చేస్తేనే విత్తనం ఇస్తారట.

నేను సంస్కృతమంతా తీసేసి, శుభ్రంగా నాలుగు వాక్యాలు రాసి పంపాను. అందులో ఒకటి: 'ఈ విత్తనాలు తీసుకునే రైతులు తినమని రాసివ్వాలి.'

రెండు రోజుల తర్వాత నా గదికి ఒకాయన వచ్చాడు. చేతిలో మా పత్రిక మడత పెట్టి ఉంది. వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటర్ అనే ఉద్యోగం ఆయనది. పల్లెలు తిరిగి కొత్త పద్ధతులు చేసి చూపించడం ఆయన పని. గోదావరి వైపు మనిషి, మా సీమకు వచ్చి మూడు నెలలైంది.

"ఏవండీ, ఇది రాసింది మీరేనా?"

"నేనే. బాగా వచ్చిందా?"

"రైతులు తినమని ఎవరికి రాసివ్వాలండీ?"

నేను ఆ వాక్యం రెండుసార్లు చదివాను. మూడోసారికి తెలిసింది. నా లెక్కలో అది 'తినము అని'. చదివేవాడి లెక్కలో అది 'మీరు తినండి అని'. తెలుగులో రెండూ ఒకటే అక్షరాలు.

"ఎల్లుండి ఓర్వకల్లు అవతల ఒక ఊళ్ళో మొదటి విత్తు ఉందండి. మీ పేపరు అక్కడికి కూడా పోయింది. గంధకం రోజుల్లో మిగిలిన విత్తనం నాలుగు నీళ్ళలో కడిగి ఉడకేసుకు తినేవారట, ఏమీ అయ్యేది కాదట. ఇది అలాంటిది కాదు, కడిగినా పోదు. మీరు నాతో వచ్చి, మీ నోటితో మీరు చెప్పాలి" అన్నాడు.

తప్పు నాది కాబట్టి బయల్దేరాను. ఓర్వకల్లు గుట్టలు దాటాక బస్సు దిగి, బండిబాటన రెండు మైళ్ళు నడిచాం. ఉత్తర కార్తెలో మంచి వాన పడింది. నల్లరేగడి చెప్పుల కింద పట్టుకుంటూ, ఒక్కో చెప్పు వీశెడు బరువైంది. దారి పొడుగునా ప్రతి చేనులోనూ విత్తనం వేసే గొర్రు తిరుగుతోంది. ఆ తడి వారం రోజులే ఉంటుంది. ఆ లోపల గింజ నేలలో పడకపోతే ఆ ఏటికి ఆ చేను అంతే.

మేము వెళ్ళింది ఊరందరూ రెడ్డి అని పిలిచే ఒక ఆసామి ఇంటికి. యాభై దాటినవాడు. కిందటి ఏడు ఆయన జొన్న సగం కాటుకకే పోయింది. అందుకే కొత్త విత్తనానికి ముందుగా ఒప్పుకున్నది ఆయనే.

"కూకోండప్పా. పేపరాయన ఈయనేనా? పేపర్లో తినమనే ఏసినావు గదప్పా. ఈ సారేమో మొన్నొచ్చి ముట్టుకుంటేనే చేతులు కడగమన్నాడు. ఎవరి మాట నమ్మాల మేము?"

"నేను రాసింది 'తినము' అని పెద్దాయనా. తినగూడదు అని. అచ్చులో అట్ల అర్థం మారింది."

"అచ్చులో తప్పేం లేదు. నీ తెలుగులోనే ఉండాది."

గడప దగ్గర కూర్చున్న ఆయన తల్లి, ఇంటికి పెద్దదిక్కైన అవ్వ, చెవి ఇటు పెట్టి వింటోంది. "మందంటే బలమే గదా నాయనా" అంది. "మా బక్కెద్దుకు రెండు గుప్పిళ్ళు పెట్టి చూద్దామనుకుంటాండా."

డిమాన్‌స్ట్రేటర్‌ గబుక్కున లేచాడు. "పెట్టకండి అవ్వగారూ. ఎద్దు చచ్చిపోతుంది."

"మందు తిని చస్తుందా?"

ఇందులో అవ్వ తప్పు లేదు. ఆసుపత్రిలో ఇచ్చేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే, తుపాకిలో దట్టించేదీ మందే. ఎవరైనా మొగుడు అత్తగారింటి వైపు మొగ్గితే పెళ్ళాం పెట్టిందనేదీ మందే. ఇన్నిటికీ ఒక్క మాట పెట్టుకుని, గింజకు పట్టించింది వీటిలో ఏదో ఆమె ఎట్లా తెలుసుకుంటుంది? డిమాన్‌స్ట్రేటర్ అరగంట కూర్చుని అది ఎలుకల రకం మందు అని ఒప్పించాడు. ఆ మాట ప్రకటనలో ఉంటే ఇంత దూరం వచ్చే పని ఉండేది కాదు.

తర్వాత కాగితం తీశాడు. విత్తిన తర్వాత మిగిలిన గింజను అధికారి ఎదుట పూడ్చాలి, విత్తేవాళ్ళు గింజను ఒంటికి తగలనివ్వకూడదు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. కింద రైతు తన చేత్తో 'తినమని' రాసి సంతకం పెట్టాలి. రెడ్డి కలం తీసుకుని కాసేపు ఆలోచించి, 'మేము తినేది లేదు' అని రాశాడు. ఫారంలో ఉన్న మాట అది కాదని డిమాన్‌స్ట్రేటర్ కొంచెం నసిగాడు. నేను మాత్రం మనసులో ఆ వాక్యాన్ని మెచ్చుకున్నాను. ఏ కంపోజిటరూ దాన్ని తిరగేయలేడు.

మరునాడు పొద్దు పొడవక ముందే చేనికి వెళ్ళాం. గొర్రుకు పసుపూ కుంకుమా పెట్టి ఎద్దులు కట్టారు. గొర్రు మీద జడ్డిగం అని చిల్లులున్న చెక్కగిన్నె ఉంటుంది. గొర్రు వెనక నడుస్తూ ఒక మనిషి అందులో గింజలు వదులుతూ ఉంటే, అవి వెదురు గొట్టాల్లోంచి చాళ్ళలోకి పడతాయి. ఆ వదిలే పని ఆడవాళ్ళది, అందరి చేతా అయ్యేది కాదు. వేళ్ళ సందుల్లోంచి గింజ ఎక్కువ జారితే మొక్కలు గుంపుగా లేస్తాయి, తక్కువ జారితే చేను పలచనవుతుంది. రెడ్డి చేనుకు పదేళ్ళుగా విత్తే ఆమె నలభై ఏళ్ళ మనిషి, పొడుగరి, మాటలో మొహమాటం లేనిది. ఆమె చెయ్యి పడ్డ చేనులో మొలక వరుస తప్పదని పక్క ఊళ్ళవాళ్ళు కూడా చెప్పేవారు.

బస్తా మూతి విప్పగానే ఆమె ఒక్క అడుగు వెనక్కు వేసింది. తినే గింజ కాదని తెలియడానికి గింజలకు ఎర్రటి రంగు కలిపారు.

"ఇదేందప్పా, జొన్నలు ఉరుసుకు పోతాండాయా? ఇట్ల ముస్తాబు చేసినారు."

అందరూ నవ్వారు. డిమాన్‌స్ట్రేటర్ కూడా నవ్వి, తాను తెచ్చిన గుడ్డసంచి ఇచ్చి, గింజ ఒళ్ళో పోసుకోవద్దని, సంచి మెడకు తగిలించుకోమని చెప్పాడు. ఆమె సణుగుతూనే తగిలించుకుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు. కట్టుకుంది. ఆ గుడ్డలోంచే, "ఇంగేమైనా ఉండాదా, గొర్రు కదిలించమంటావా?" అని అడిగింది.

"ఒక్కటేనండి. సాయంత్రం మిగిలిన గింజ పూడ్చిపెడతాం. ఇంటికి తీసుకుపోకూడదు."

ఆమె గుడ్డ కిందికి లాగింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. మా వైపు విత్తు రోజున పొద్దు గూకేసరికి విత్తినామె ఒళ్ళో ఎంత మిగిలితే అంత ఆమెది. అవి ఒడి గింజలు. రెండు పడులు ఉండవచ్చు, ఇంకొంచెం ఎక్కువ ఉండవచ్చు. అది కూలిలో భాగం కాదు, కూలి వేరే ఉంటుంది. నిండు ఒడితో విత్తినామె చేను దాటి పోవడం చేనికీ మంచిదని, ఆమెకూ మంచిదని నమ్మకం. ఆ రాత్రి ఆమె ఇంట్లో ఆ గింజలే ఉడికేవి. కోతలు ఇంకా నాలుగైదు నెలల దూరంలో ఉన్న కాలం అది. కూలివాళ్ళ ఇళ్ళలో కుండలు అడుగంటి ఉండేవి. విత్తు ఉన్న ఐదు రోజులూ ఇంటిల్లిపాదీ కడుపు నిండా తినేది ఒడి గింజలతోనే.

"ఒడి గింజలు పూడుస్తావా? ఎవురివి అవి?"

"గవర్నమెంటువండి."

"గవుర్మెంటు గొర్రు ఎనక నడిసిందా పొద్దంతా?"

"అది విషమమ్మా. తింటే మీ ఇంట్లోవాళ్ళకే ప్రమాదం."

"పేపర్లో తినమని ఏసినారంట గదా. పోయిన తూరీ మందేసిందే తింటిమి. కడుక్కుంటాం లే."

డిమాన్‌స్ట్రేటర్ నా వైపు చూశాడు. నేను ముందుకు వచ్చి, అది నేను రాసిన తప్పని, ఇది గంధకం కాదని, నూరు నీళ్ళలో కడిగినా పోదని చెప్పాను. ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"నువ్వు రాసేటప్పుడు తప్పు రాసి, నా ఇంట్లో పొయ్యి ఆర్పితివి గదయ్యా." సంచి మెడలోంచి తీసి, మడిచి, బస్తా మీద పెట్టింది. వెళ్ళి గట్టు మీద కూర్చుంది. "తినొద్దంటే తినం. నా బిడ్డలు నాకు బరువా? అయితే ఒడి ఖాళీగా పెట్టుకోని నేను చేను దాటను. ఇంగెవర్నైనా పిలుసుకోండి."

పిలుచుకోవడానికి ఎవరూ లేరు. ఊళ్ళో చెయ్యి తిరిగిన ఆడవాళ్ళంతా ఆ పొద్దు ఎవరో ఒకరి గొర్రు వెనక ఉన్నారు. ఎద్దులు నిలబడి తోకలు ఆడిస్తున్నాయి. ఎండ ఎక్కుతోంది. రెడ్డి వంగి గుప్పెడు మట్టి తీసి పిసికి చూశాడు. మధ్యాహ్నానికి ఆ మట్టి అట్లా ముద్దకాదని అందరికీ తెలుసు.

"దానికేముండాది, మా ఇంట్లోంచి రెండు పడులు ఇస్తా పో" అన్నాడు రెడ్డి.

అప్పుడే అవ్వ చేనికి వచ్చింది. పనివాళ్ళకు అంబలి కుండ కోడలి నెత్తిన పెట్టించి, తాను ముందు నడుస్తూ వచ్చింది. కొడుకు మాట ఆమె చెవిన పడింది.

"ఏంరా, విత్తే నాడు ఇంటి గింజ గడప దాటిస్తావా?"

ఇది రెండో కట్టుబాటు. విత్తు మొదలై ముగిసేదాకా ఆ ఇంట్లోంచి గింజ బయటికి పోకూడదు. అప్పివ్వరు, బదులివ్వరు, బిచ్చగాడికి కూడా పిడికెడు వెయ్యరు. ఇంటి గింజ బయటికి నడిస్తే చేని గింజ కూడా దాని వెంటే పోతుందని అవ్వ గట్టి నమ్మకం. కిందటి ఏడు కాటుక పట్టడానికి కూడా కారణం అదేనని, కోడలు పక్కింటికి చేటెడు జొన్నలు బదులిచ్చిందని ఆమె అంతకు ముందు రాత్రే మాకు చెప్పింది. కోడలు అంబలి కుండ దించుకుంటూ ఆకాశం వైపు చూసింది.

డిమాన్‌స్ట్రేటర్ సంచిలోంచి నిబంధనల కాగితం తీసి రెండు వైపులా తిప్పి చూశాడు. ఒడి గింజల గురించి అందులో ఏమీ లేదు. విత్తనాలు ఇచ్చిన సర్కారు డిపోలో మామూలు జొన్నలు ఉండవు, విత్తనమే ఉంటుంది. కర్నూలు పోయి అంగడిలో కొనుక్కురావాలంటే సాయంత్రమవుతుంది.

"మీ పైవోళ్ళకు రాయగూడదా సారూ?" అన్నాడు రెడ్డి.

"రాస్తానండి. జవాబు వచ్చేసరికి కోతలవుతాయి."

గట్టు మీద కూర్చున్నామె ఇవేమీ విననట్టే ఉంది. ఆమె చూపు అంబలి కుండ మీద ఉంది. కాసేపటికి అడిగింది, "అవ్వా, ఈ అంబలి యాడినించి వచ్చింది?"

"యాడినించేముండాది, మా ఇంట్లోంచే."

"మీ ఇంటి జొన్నలేనా?"

"మరి?"

"గడప దాట్ల్యా?"

అవ్వ కుండ వైపు చూసింది. "అది గింజ యాడిదే? వండింది గదా."

"అట్లయితే నాదీ వండియ్యి. రెండు పడుల సంగటి. గింజ గడప దాటదు, నా ఒడి ఖాళీగా పోదు. ఈ సారు ఎర్ర జొన్నలు ఆయప్పే పూడ్సుకుంటాడు."

డిమాన్‌స్ట్రేటర్‌కు సంగటి అంటే జొన్నరవ్వ గట్టిగా ఉడికించి కట్టిన ముద్ద అని నేను మెల్లగా చెప్పాను. అవ్వ మనసులో ఏవేవో కూడికలు వేసుకుంటోంది. తనకు తెలిసిన ఏ కట్టుబాటుకూ ఇది అడ్డం కాదని తేలాక, ఆమెకు మిగిలింది చాకిరీ ఒక్కటే.

"రెండు పడులు ఇసిరి, రవ్వ జల్లించి, సంగటి గెలికేకి నా రెక్కలు పడిపోవాల్సిందే. అదీ ఐదు దినాలు."

"కోడలుండాది గదమ్మా" అన్నాడు రెడ్డి.

"కోడలికి రెక్కలు ఇనుపవా?" అంది కోడలు. ఆ పొద్దంతటికీ ఆమె నోటినుంచి నేను విన్న మాట అదొక్కటే.

"పడికి పడి కొలిసి ఎయ్యాల" అంది విత్తే ఆమె, గట్టు మీదనుంచి లేవకుండా. "నీళ్ళు పోసి ఉబ్బిస్తే కుదరదు. గట్టిగుండాల ముద్ద."

"నీకు సంగటి చేయడం నేర్పేది కూడా నాకే వచ్చిందా?" అంటూ అవ్వ ఇంటి దారి పట్టింది. అది ఒప్పుకోలు. విత్తే ఆమె లేచి, సంచి మెడకు తగిలించుకుని, గుడ్డ ముక్కుకు కట్టుకుంది. ఎద్దులు కదిలాయి.

పొద్దంతా ఆ చెయ్యిని చూస్తూ కూర్చున్నాను. అది ఎక్కడా ఆగదు, ఎక్కడా తొందరపడదు. వేళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం అంబలి తాగబోయే ముందు డిమాన్‌స్ట్రేటర్ సబ్బు బిళ్ళ తీసి ఇచ్చాడు. డిపోవాళ్ళు సబ్బుతో కడగమన్నారు గానీ సబ్బు ఇవ్వలేదు, అది ఆయన సొంతది. ఆమె వాసన చూసి, "మల్లెపూలా ఏంది ఇది? గొర్రు తోలేకి ఇంత సోకా?" అని, మోచేతులదాకా రుద్దుకుంది. రంగు పోయేదాకా ఆయన నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

పొద్దు వాలాక సంచిలో మిగిలింది పడిన్నర. గట్టు వారన మోకాటి లోతు గుంత తవ్వించి, అందులో పోసి మట్టి కప్పించాడు. విత్తినామె చేతులు కట్టుకుని చూసింది. మట్టి కప్పడం అయ్యాక, "జొన్నలు పూడ్సేది నా కంటితో చూస్తానని ఎప్పుడూ అనుకోల్యా" అంది. డిమాన్‌స్ట్రేటర్ పుస్తకంలో ఏదో రాసుకుంటూ తల ఎత్తలేదు.

అందరం రెడ్డి ఇంటికి వచ్చాం. అవ్వ మెట్టు మీద నిలబడి ఉంది, పక్కన పెద్ద గంప. విత్తినామె కింద నిలబడి కొంగు పట్టింది. పొగలు కక్కుతున్న ముద్దలు టేకాకుల్లో చుట్టి, అవ్వ ఒక్కొక్కటే పైనుంచి కొంగులోకి వదిలింది. చెయ్యి కొంగుకు తగలకుండా జాగ్రత్తపడింది. ఆ రోజుల్లో అది ఎవరికీ వింతగా తోచేది కాదు. నాకూ తోచలేదు.

ఆఖరి ముద్ద పడ్డాక ఆమె అందులోంచి చిటికెడు తుంచి రెడ్డి వైపు చాపింది. "నువ్వు తిను మొదుట."

"నేనెందుకే?"

"మందు ల్యాకుండా చేసినారో లేదో నాకేం తెలుస్తాది? మీ ఇంట్లోనూ ఎర్ర బస్తా ఉండాది గదా."

అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు, చెయ్యి వెనక్కు తీసుకోలేదు. ఆమె చేతి ముద్ద రెడ్డి తినడమా అన్నట్టు అవ్వ కొడుకు వైపు చూసింది. రెడ్డి ఒక్క క్షణం ఆగి, మెట్టు దిగి వచ్చి, ఆ చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. నమిలి, మింగి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"అది మీ అమ్మతో చెప్పు" అని ఆమె బయల్దేరింది.

బస్సుకు పోయే దారి ఆమె ఇంటి మీదుగానే. వేడికి కొంగును అటూ ఇటూ మార్చుకుంటూ ఆమె ముందు నడుస్తుంటే, డిమాన్‌స్ట్రేటరూ నేనూ వెనక నడిచాం. ఆ ఐదు రోజులూ అవ్వ సంగటి వండిందనీ, విత్తు అనుకున్న రోజుకు అయిందనీ, రోజూ వచ్చి మిగిలిన గింజ పూడ్పించిన ఆయన తర్వాత చెప్పాడు.

ఆమె గుడిసె ముందు, బయట పొయ్యి మీద కుండలో ఎసరు మరుగుతోంది. కట్టెలు ఎగదోస్తూ ఒక ముసలామె కూర్చుని ఉంది, ఆమె అత్త. విత్తు రోజు గదా, గింజలు రాగానే పోసేద్దామని పొద్దుండగానే ఎసరు పెట్టింది.

"గింజలు యాడే?" అంది ముసలామె.

"పూడ్సిపెట్టినారు. సంగటి ఇచ్చినారు, రా, తిందాం."

"మరి ఈ ఎసరేం చేయాల? ఇన్ని కట్టెలు పెడితిని."

"ఒంటికి పోసుకో. ఇంతసేపూ ఆ పొగలోనే ఉండావు."

డిమాన్‌స్ట్రేటర్ ఆ కుండ ముందు ఆగిపోయాడు. నీళ్ళు తెర్లుతూ పైకి లేచి, మూకుడును కొంచెం కొంచెం ఎత్తి దించుతున్నాయి. పోదామా అని నేను రెండుసార్లు అడిగాను. విత్తినామె ఆకు విప్పి, ఒక ముద్ద తుంచి ఆయన చేతిలో పెట్టింది.

"తిను సారూ. ఇది తినమనే చెప్తాండా."